వైఫల్యానికి సంజాయిషీ: అంతరిక్ష కార్యక్రమాల ఆటలలో ఆక్షేపణలు, సమాధానాలు

కెనడాలోని విన్నిపెగ్ నగరంలో ఒకదానితో ఒకటికి సంబంధం లేనట్టు కనిపించే రెండు పరిశ్రమలు ఉన్నాయి. మొదటిది రాకెట్లు, ఉపగ్రహాల తయారీ. కెనడా రక్షణ పరిశోధన విభాగం ఆరంభించిన ‘బ్లాక్ బ్రాంట్’ రాకెట్టును ఈ నగరానికి చెందిన బ్రిస్టల్ ఏరోస్పేస్ సంస్థ తయారుచేసి, దశాబ్దాల పాటు రూపం వెంట రూపంగా మెరుగుపరుస్తూ వచ్చింది. 1959లో దాని తొలి ప్రయోగం అదే మానిటోబా ప్రావిన్సులో, విన్నిపెగ్‌కు దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఉత్తరాన, హడ్సన్ అఖాతపు ఒడ్డునున్న చర్చిల్ కేంద్రం నుంచి జరిగింది. కాలక్రమంలో మజెలన్ ఏరోస్పేస్‌లో భాగమైన ఆ సంస్థే ఓజోను పొరను పరిశీలించే సైశాట్ ఉపగ్రహానికీ (2003), రాడార్‌శాట్ కాన్‌స్టెలేషన్‌లోని మూడు ఉపగ్రహాలకూ (2019) ఆధార చట్రాలను నిర్మించింది.

రెండవది కంప్యూటర్ ఆటల తయారీ. నగరంలోని కాంప్లెక్స్ గేమ్స్ సంస్థ 2022 మే నెలలో ‘వార్‌హామర్ 40,000: కేయాస్ గేట్ – డీమన్‌హంటర్స్’ అనే వ్యూహాత్మక యుద్ధక్రీడను విడుదల చేసింది. ఈ తరహా ఆటలలో సైనికుడు తుపాకీ ఎక్కుపెట్టగానే దెబ్బ తగిలే అవకాశం నూటికి ఎంతో తెరపై కనిపించడం, ఆపైన ఆట లోలోపల పాచిక వేయడం ఆనవాయితీ. విన్నిపెగ్ నిర్మాతలు ఆ పాచికను తీసివేశారు. వారి ఆటలో గురిపెట్టిన దెబ్బ తగిలి తీరుతుంది. దూరాన్ని బట్టి, శత్రువు చాటుచేసుకున్న గోడను బట్టి దాని తీవ్రత మాత్రం తగ్గుతుంది. తొంభై శాతం అవకాశం చూపించి గురి తప్పించడం అన్యాయమని ఏళ్ళ తరబడి ఆటగాళ్ళు చేస్తూ వచ్చిన ఫిర్యాదుకు ఇంతకంటే సూటి పరిష్కారం ఉండదు.

అయితే ఇదే పరిష్కారం అంతరిక్ష కార్యక్రమాన్ని అనుకరించే ఆటకు పనికిరాదు. ఎగిరిన ప్రతి రాకెట్టూ కక్ష్యకు చేరే ఆటలో అంతరిక్షం ఉండదు. బ్లాక్ బ్రాంట్‌ను తయారుచేసినవారు తమ పనిలోంచి పాచికను తీసివేయలేకపోయారు; దానితో ఎలా బతకాలో మాత్రమే నేర్చుకున్నారు. అంతరిక్ష కార్యక్రమాల ఆటల చుట్టూ మూడు దశాబ్దాలుగా ఆటగాళ్ళకూ నిర్మాతలకూ నడుస్తున్న వాదమంతా నిజానికి ఈ ఒక్క ప్రశ్న మీదనే నడుస్తోంది: వైఫల్యం తప్పనిసరి అయినప్పుడు, దానికి సంజాయిషీ ఎవరు చెప్పాలి, ఏమని చెప్పాలి?

పాచిక మీద ఫిర్యాదు

ఈ జాతి ఆటలకు మూలపురుషుడు ఫ్రిట్జ్ బ్రోనర్. అమెరికా, సోవియట్ యూనియన్‌ల చంద్రయాత్రా పోటీ మీద ఆయన 1989లో ‘లిఫ్టాఫ్’ అనే బల్లమీది ఆటను రూపొందించాడు. అదే 1993లో ‘బజ్ ఆల్డ్రిన్స్ రేస్ ఇన్‌టు స్పేస్’ అనే కంప్యూటర్ ఆట అయింది. ఇందులో రాకెట్టుకూ, వ్యోమనౌకకూ, రోదసి దుస్తులకూ దేనికది నమ్మకపు శాతం ఉంటుంది. పరిశోధనకు డబ్బు పెట్టేకొద్దీ శాతం పెరుగుతుంది. ప్రయోగం అడుగులు అడుగులుగా సాగుతుంది. ప్రతి అడుగు దగ్గరా పాచిక పడుతుంది. 2014లో పోలార్ మోషన్ సంస్థ నిర్మించిన ‘బజ్ ఆల్డ్రిన్స్ స్పేస్ ప్రోగ్రామ్ మేనేజర్’ కూడా ప్రధానంగా ఈ పద్ధతినే కొనసాగించింది.

ఈ పద్ధతి మీద ఎడతెగకుండా వినిపించే ఆక్షేపణ ఒక్కటే: అన్నిటినీ తొంభై అయిదు శాతానికి తెచ్చినా ప్రయోగం విఫలమైంది, ఆట మోసం చేస్తోంది. గణితం ఆటగాడి పక్షాన లేదు. ఒక ప్రయోగంలో పది అడుగులుండి, ప్రతి అడుగూ తొంభై అయిదు శాతం నమ్మదగినదైతే, పదీ సవ్యంగా జరిగే అవకాశం అరవై శాతం కూడా ఉండదు. తొంభై ఎనిమిదికి పెంచితే ఎనభై రెండు దాకా వస్తుంది. తొంభై తొమ్మిదికి పెంచితేనే తొంభై దాటుతుంది. రోదసి ఇంజనీర్లు ఒక్కొక్క శాతం కోసం ఏళ్ళు వెచ్చించడానికి కారణం ఇదే. ఆట అబద్ధం చెప్పలేదు.

అంతమాత్రాన ఫిర్యాదు తప్పని కొట్టివేయడానికి లేదు. ఆటగాడు చెప్పిన కారణం తప్పు. అతడికి కలిగిన అసంతృప్తి మాత్రం నిజం. అడుగడుగుకూ తొంభై అయిదు అని చూపించి, మొత్తం మీద అరవై అన్న సంగతిని ఆటగాడే లెక్కగట్టుకోవాలని వదిలివేయడం ప్రదర్శనలోని లోపం. అంతకంటే పెద్ద లోపం మరొకటుంది. రాకెట్టు కూలినప్పుడు అది ఎందుకు కూలిందో ఆటలో లేదు. అంకె చిన్నదిగా పడింది కనుక కూలింది. ఆ ఓటమి నుంచి ఆటగాడు నేర్చుకోగలిగినదల్లా ఇంకా డబ్బు పెట్టాలనీ, లేదా ముందు దాచుకున్న ఆటను మళ్ళీ తెరవాలనీ మాత్రమే. ఈ రెండవ అలవాటు ఆటను లోపలినుంచి తినేస్తుంది.

బ్రోనర్‌కు ఈ సంగతి కొంత తెలుసు. ఆయన ఆటలో ప్రయోగశాల పరిశోధనతో పెంచగలిగే నమ్మకానికి ఒక ఎల్ల ఉంది. ఆ ఎల్ల దాటాలంటే నిజంగా ఎగరాలి. మధ్య మజిలీలు ఎగదాటి చంద్రుడి మీదికి దూకితే అడుగడుగునా శాతం తగ్గుతుంది. ప్రయోగశాలలో తెలియనిది ఆకాశంలో తెలుస్తుందన్న గ్రహింపు ఈ రెండు నియమాల్లోనూ ఉంది. కానీ ఏం తెలిసిందో ఆట చెప్పదు. అంకె ఒక్కటి పెరుగుతుందంతే.

శ్రీహరికోట చెప్పిన కారణం

నిజమైన కార్యక్రమంలో ఓటమి తరువాత ఏం జరుగుతుందో తెలుగు నేల మీదనే చూడవచ్చు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన తొలి ఎస్‌ఎల్‌వి-3 కక్ష్యకు చేరకుండా బంగాళాఖాతంలో కూలింది. పత్రికల వారి ముందుకు వచ్చి బాధ్యత తన మీద వేసుకున్నది సంస్థాధ్యక్షుడు సతీశ్ ధావన్. ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాం కాదు. దర్యాప్తు జరిగింది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటం సరిగా మూసుకోక, ఆక్సీకరణ ద్రవం కారిపోవడం కారణమని తేలింది. 1980 జులై 18న అదే నమూనా రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినప్పుడు ధావన్ పత్రికల ముందుకు కలాంను పంపాడు. 1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్‌ఎల్‌వి కూలినప్పుడు నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లోని లోపం బయటపడింది. మరుసటి ఏడు అక్టోబరులో రెండవది విజయవంతమైంది.

ఈ రెండు ఉదంతాల్లోనూ నాలుగు మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఓటమిని ఒప్పుకోవడం, బాధ్యత ఎవరిదో చెప్పడం, కారణాన్ని పేరు పెట్టి చూపడం, దాన్ని సరిదిద్ది మళ్ళీ ఎగరడం. సంజాయిషీ అంటే క్షమాపణ కాదు. ఈ నాలుగు మెట్లూ ఎక్కడం. ఆటలో రాకెట్టు కూలినప్పుడు ఆట ఆటగాడికి ఇవ్వవలసినది ఇదే. ఆటే తప్పుచేసినప్పుడు నిర్మాత ఆటగాడికి ఇవ్వవలసినదీ ఇదే. ఈ జాతి ఆటలలో ఈ రెండు బాధ్యతలూ విడదీయరానివి.

కెర్బల్: ఆక్షేపణకు మూడు జవాబులు

మెక్సికో నగరంలో స్క్వాడ్ అనే వ్యాపార ప్రచార సంస్థలో పనిచేస్తూ ఫెలిపె ఫలాంగె రూపొందించిన ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ 2011 జూన్‌లో తొలిసారి బయటికి వచ్చింది. ఇందులో ప్రయోగానికి పాచిక లేదు. ఆటగాడు భాగాలు అతికించి రాకెట్టు కడతాడు; భౌతికశాస్త్రం దాన్ని నిలుపుతుంది లేదా కూలుస్తుంది. బరువు పైకి ఎక్కువైతే తలకిందులవుతుంది. ఇంధనం చాలకపోతే కక్ష్యకు చేరదు. కూలిన ప్రతిసారీ కారణం కళ్ళముందే ఉంటుంది కనుక కూలడమే వినోదమైంది. రేస్ ఇన్‌టు స్పేస్ మీద ముప్పిరిగొన్న ఫిర్యాదుకు ఇది అసలైన జవాబు.

కానీ ఈ ఆట పూర్తికాక ముందే అమ్మకానికి వచ్చింది. నాలుగేళ్ళ పాటు కొన్నవారే పరీక్షకులు. వారి ఆక్షేపణలకు నిర్మాతలు ఇచ్చిన జవాబులలో మూడింటిని పరిశీలిస్తే మూడు వేర్వేరు ధోరణులు బయటపడతాయి.

మొదటిది 2013 నాటి మాట. ఇకముందు విడిగా అమ్మే అనుబంధాలు రావచ్చన్న సూచన వెలువడగానే, భవిష్యత్తులో వచ్చే మార్పులన్నీ ఉచితమని నమ్మి కొన్నవారు నిలదీశారు. ఆ ఏడు ఏప్రిల్ చివరిలోగా కొన్నవారందరికీ అనుబంధాలు ఉచితమని స్క్వాడ్ ప్రకటించింది. అయిదేళ్ళ తరువాత, 2018 మార్చిలో, తొలి అనుబంధం ‘మేకింగ్ హిస్టరీ’ వచ్చింది. అప్పటికి ఆట హక్కులు టేక్-టూ అనే పెద్ద సంస్థకు మారిపోయాయి. అయినా మాట నిలిచింది.

రెండవది 2014 నాటి కొట్టం. ఆటలోని అంతరిక్ష కేంద్రం తొలిదశలో పాత కొట్టంలా, పల్లెటూరి షెడ్డులా కనిపించాలని నిర్మాతలు భావించి చిత్రాలు చూపించారు. తమ కెర్బల్ జీవులు అమాయకులే గాని అధ్వానపు పనివాళ్ళు కారని ఆటగాళ్ళు అభ్యంతరపెట్టారు. ఆ డిసెంబరులో వచ్చిన 0.90 రూపంలో కొట్టం లేదు. రుచికి సంబంధించిన విషయంలో ఎక్కువమంది మాటకు తలవంచడం సులభం, చవక. ఈ జవాబును మెచ్చుకోవచ్చుగాని మహత్కార్యంగా ఎంచనక్కరలేదు.

మూడవది గాలి. మొదటినుంచీ ఆటలో గాలి నిరోధం రాకెట్టు ఆకారాన్ని పట్టించుకోకుండా బరువును బట్టి లెక్కకట్టేది. ముక్కుకు శంకువు తగిలిస్తే లాభం లేకపోగా నష్టం కలిగేది. ఈ లోపాన్ని మొదట సరిదిద్దినది నిర్మాతలు కాదు, ఆటగాళ్ళే. ‘ఫెరమ్ ఏరోస్పేస్ రీసెర్చ్’ అనే మాడ్‌ను వారే రాసుకున్నారు. 2015 ఏప్రిల్ 27న 1.0 రూపంతో నిర్మాతలు గాలిని తిరగరాశారు. నాలుగు రోజుల్లోనే, మే 1న, వెంటవెంటనే రెండు సవరణలు వెలువడి నిరోధపు విలువలు మళ్ళీ మారాయి. నిన్న ఎగిరిన రాకెట్టు ఈరోజు ఎగరలేదు. ఆక్షేపణను వెంటనే వినడం వేరు, సరిగా వినడం వేరు అని ఆ వారం చెప్పింది. కారణం కనిపించే వైఫల్యమే ఈ ఆటకు ప్రాణం. అడుగున నేలే కదులుతుంటే కారణం ఎక్కడ వెతకాలి?

నాలుగవదిగా ఒక సుదీర్ఘ మౌనాన్ని కూడా చెప్పుకోవాలి. తన ఇంధనంతో రాకెట్టు మొత్తం మీద వేగాన్ని ఎంత మార్చుకోగలదో చెప్పే ‘డెల్టా-వీ’ లెక్క అంతరిక్ష ప్రయాణానికి దారిబత్తెం వంటిది. దాన్ని తెరపై చూపమని ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు. మాడ్‌లతో తామే చూసుకున్నారు. అసలు ఆటలోకి అది 2018 డిసెంబరులో, 1.6 రూపంలో వచ్చింది. లెక్క లేకుండా తడుముకుంటూ నేర్చుకోవడంలో ఆనందం ఉందని వాదించవచ్చు. కానీ బాటసారి దగ్గర దారిబత్తెం ఎంతుందో దాచిపెట్టడం సాహసానికి దోహదం చేయదు. ఆలస్యంగా వచ్చినా ఈ జవాబు సరైనదే. వైఫల్యానికి కారణాన్ని ప్రయోగానికి ముందే చదువుకునే వీలు కల్పించింది.

ధారణ

తెలుగువారికి ఆక్షేపణ, సమాధానాల కళ కొత్తది కాదు. అవధానంలో పృచ్ఛకుడు పద్యం పుడుతుండగానే అడ్డుపడతాడు. నిషేధాక్షరి ఇచ్చేవాడు అక్షరం అక్షరానికీ అవధాని దారి మూసి, అతడు ఊహించని దారిలోకి మళ్ళిస్తాడు. అప్రస్తుత ప్రసంగి ఏకాగ్రతను చెదరగొట్టడానికే కూర్చుంటాడు. అవధాని ఇద్దరికీ జవాబు చెబుతాడుగాని పద్యాన్ని మార్చేది మొదటివాడి కోసమే. ఆట నిర్మాతకు అందే వేల ఆక్షేపణలలోనూ ఈ రెండు రకాలూ ఉంటాయి. వాటిని వేరుచేయగలగడం విమర్శను స్వీకరించడంలో సగం. గాలి నిరోధం మీది ఫిర్యాదు నిషేధాక్షరి. అది ఆటను ఇంకా మంచి ఆటగా మారమని బలవంతపెట్టింది.

రెండో సగం చివరన వస్తుంది. అవధాని ఎన్ని చమత్కారాలు చేసినా సభ ఎదురుచూసేది ధారణ కోసం. ఇచ్చిన మాటలన్నిటినీ, పూరించిన పద్యాలన్నిటినీ ఏదీ వదలకుండా ఒప్పజెప్పాలి. 2013లో ఇచ్చిన మాటను 2018లో నిలబెట్టుకున్నది ధారణ. దాని తరువాతి కథలో లోపించినదీ అదే.

‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2’ను 2019 ఆగస్టులో ప్రకటించారు. మరుసటి ఏడు వస్తుందన్న ఆట పలుమార్లు వాయిదాపడి, 2023 ఫిబ్రవరి 24న అసంపూర్ణ రూపంలోనే, సుమారు యాభై డాలర్ల ధరకు అమ్మకానికి వచ్చింది. పరిశోధన, వలస స్థావరాలు, నక్షత్రాంతర ప్రయాణం, అందరూ కలిసి ఆడే వీలు ఒక్కొక్కటిగా రానున్నాయని ఒక పథకాన్ని చూపించారు. దానిలో మజిలీలున్నాయి, తేదీలు లేవు. తొలిరోజు నుంచే ఆక్షేపణలు వెల్లువెత్తాయి. మంచి కంప్యూటర్ల మీద కూడా ఆట నత్తనడక నడిచింది. రాకెట్లు అతుకుల దగ్గర ఊగిపోయాయి. మొదటి ఆటలో ఉన్న పరిశోధన భాగం ఇందులో లేనే లేదు. ఆ ఏడు డిసెంబరులో వచ్చిన ‘ఫర్ సైన్స్’ రూపంతో పరిశోధన చేరింది, వేగం మెరుగైంది, ఊపు చాలావరకు తగ్గింది. ఆటగాళ్ళు మళ్ళీ దగ్గరకు రాసాగారు. ఇక వలస స్థావరాలే తరువాయి అనుకుంటుండగా, సియాటిల్ కార్యాలయం మూతపడుతుందనీ, డెబ్బై ఉద్యోగాలు పోతాయనీ 2024లో ప్రభుత్వానికి అందిన నోటీసు ద్వారా లోకానికి తెలిసింది. పని ఆగింది. ఆట మాత్రం ఆ తరువాత కూడా అమ్మకంలో ఉంది.

ఈ ఉదంతంలో నిర్మాతలు సమాధానం చెప్పలేదని అనడం అన్యాయం. వారు తరచుగానే మాట్లాడారు, మర్యాదగానే మాట్లాడారు, ఒప్పుకోవలసినవి కొన్ని ఒప్పుకున్నారు కూడా. కానీ శ్రీహరికోటలో కనిపించిన నాలుగు మెట్లలో మూడవది ఇక్కడ లేదు. ఇన్నేళ్ళ తరువాత ఆట ఈ స్థితిలో ఎందుకు వచ్చిందో కొన్నవారికి ఎవరూ చెప్పలేదు. చివరకు మూతపడినప్పుడు రెండవ మెట్టు కూడా కనిపించలేదు. పత్రికల ముందుకు వచ్చి బాధ్యత తనదన్న ధావన్ లేడు.

ఆటలో లేని పాత్ర

ఇక్కడ ఈ ఆటలన్నిటిలోనూ ఉన్న ఒక కొరత వెలుగులోకి వస్తుంది. వీటిలో ఆటగాడే సర్వాధికారి. రాకెట్టు కూలవచ్చు, డబ్బు తరిగిపోవచ్చు. కానీ అన్నీ సవ్యంగా సాగుతుండగా పైనున్నవారెవరో కార్యక్రమాన్నే కట్టివేసే ఘట్టానికి వీటి ఊహలో చోటు బహు స్వల్పం. మానిటోబా చరిత్రలో మాత్రం అదే ప్రధాన ఘట్టం. చర్చిల్ కేంద్రం 1985లో మూతపడింది. రాకెట్లు చెడ్డవి కావడం వల్ల కాదు. 1990ల్లో అక్జూట్ ఏరోస్పేస్ సంస్థ దాన్ని వాణిజ్య ప్రయోగ కేంద్రంగా బతికించాలని పూనుకుంది. 1998 ఏప్రిల్‌లో ఒకే ఒక్క బ్లాక్ బ్రాంట్ ఎగిరింది. ఆ తరువాత ప్రయత్నమే ఆగిపోయింది. ఎగరడంలో గెలిచి కార్యక్రమంగా ఓడిన ఈ కథను ఏ శాతమూ చెప్పలేదు. కెర్బల్ రెండవ ఆట కూలిన తీరు కెర్బల్ రాకెట్టు కూలిన తీరు కాదు; చర్చిల్ మూతపడిన తీరు. ఆటగాళ్ళు నిర్మాతల మీద కురిపించిన కోపంలో చాలా భాగం చేరవలసిన చోటికి చేరలేదు.

అయినా ఆక్షేపణ వృథా కాలేదనడానికి ఒక నిదర్శనం ఉంది. మొదటి కెర్బల్ ఆటలో మనుషులు కూర్చునే గది మొదటే దొరుకుతుంది. మానవరహిత పరికరాలు తరువాత వస్తాయి. ఇది చరిత్రకు తలకిందులని చాలామంది అభ్యంతరపెట్టినా నిర్మాతలు మార్చలేదు. అప్పుడు ఆటగాళ్ళే ‘ఆర్‌పి-1’ అనే మాడ్‌ను నిర్మించుకున్నారు. అందులో కార్యక్రమం మొదలయ్యేది సౌండింగ్ రాకెట్లతో, అంటే కక్ష్య జోలికి పోకుండా పై వాతావరణాన్ని కొలిచి కొద్ది నిమిషాల్లో నేలకు రాలే బ్లాక్ బ్రాంట్ జాతి రాకెట్లతో. చంద్రుడి మీద జెండాకే గౌరవమిచ్చే ఆటలు విస్మరించిన విన్నిపెగ్ తరహా పనికి ఆ మాడ్‌లో మొదటి స్థానం దక్కింది. 1971 అక్టోబరులో శ్రీహరికోట ఆరంభమైనది కూడా అలాంటి చిన్న రోహిణి రాకెట్టుతోనే.

అంతకంటే ఆశ్చర్యకరమైన విషయం, ఆ మాడ్‌తో కలిసి నడిచే ‘టెస్ట్‌ఫ్లయిట్’లో పాచిక మళ్ళీ ఉంది. ఇంజను రాజుకోకపోవచ్చు, మధ్యలో ఆగిపోవచ్చు. కానీ ఎగిరిన ప్రతిసారీ, ఓడిన ప్రయోగంతో సహా, ఆ ఇంజను గురించి సమాచారం పోగవుతుంది. సమాచారం పెరిగేకొద్దీ ఇంజను నమ్మకం పెరుగుతుంది. మూడు దశాబ్దాల క్రితం పాచిక అన్యాయమన్న ఫిర్యాదు పుట్టిన చోటికే, ఎవరూ బలవంతపెట్టకుండా, ఆటగాళ్ళు తిరిగి వచ్చారు. వారికి వైఫల్యం మీద అభ్యంతరం ఎన్నడూ లేదు. ఏ ఇంజను ఆగిందో, ఎన్నవ సెకనులో ఆగిందో, ఆ ఓటమి వల్ల తరువాతి ఇంజను ఎంత మెరుగైందో తెలియాలన్నదే వారు మొదటినుంచీ అడుగుతున్నది. అడిగినవారే ఇప్పుడు దాన్ని రాసుకుని, ఒకరికొకరు ఉచితంగా పంచుకుంటున్నారు.